67 మోడల్ ఫియట్‌కి ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బులు: వేయొచ్చా, వద్దా?

డెలైట్67 (బెంగళూరు, జయనగర్)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1967 ఫియట్ 1100 డెలైట్ ఇప్పుడు నా దగ్గరుంది. ఇంజన్ పని, బ్రేకుల పని అయిపోయాయి. బండి చక్కగా నడుస్తోంది. బాధంతా హెడ్‌లైట్లతోనే. దొడ్డబళ్లాపురం, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వెళ్లేటప్పుడు చీకటి పడితే ఆముదం దీపం పట్టుకుని పోతున్నట్టుంది. ఎదురుగా కొత్త బండి ఒకటి వచ్చి వెళ్లిందంటే నా లైట్లు వెలుగుతున్నాయో ఆరిపోయాయో కూడా తెలియదు.

లోపల ఉన్నవి పాత పీ45టీ బల్బులు, 45/40 వాట్లవి. జేసీ రోడ్డులో ఒక షాపాయన "ఎల్ఈడీ వేసేయండి సార్, ఇది తీసి అది పెట్టడమే, వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు" అంటున్నాడు. డబ్బా మీద 20,000 ల్యూమెన్లు (వెలుగు కొలమానం) అని ఉంది. నిజంగా అంత సులువా? డైనమో మీద బరువు పడుతుందా, తగ్గుతుందా? ఆర్‌టీఓలో ఏమైనా అంటారా? ఒక్క మాట ముందే చెబుతున్నాను, క్రోమ్ రింగులు మార్చను. ముందునుంచి చూస్తే బండి అప్పటి బండిలాగే ఉండాలి.

రాత్రి బుల్లెట్ (ఎలక్ట్రానిక్ సిటీ)

దయచేసి వేయకండి. హోసూరు రోడ్డులో రోజూ రాత్రి బైకు మీద వచ్చేవాణ్ణి. ఈ ఎల్ఈడీ బల్బులు పెట్టుకున్న బండ్లు ఎదురొస్తే ఒక్క క్షణం ఏమీ కనబడదు. ఆ క్షణంలోనే గుంత వస్తుంది.

మల్టీమీటర్ మామ (మల్లేశ్వరం)

బాబూ డెలైట్, బల్బు కొనేముందు వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొను. అది బల్బుకంటే చవక.

ఇంజన్ స్టార్ట్ చేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి పట్టుకోమని ఎవరికైనా చెప్పు. లోబీమ్ వెయ్యి. ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య ఎంతుందో చూడు. తర్వాత బల్బు వెనక సాకెట్ దగ్గర చూడు. బల్బు వెలుగుతూ ఉండగానే చూడాలి సుమా. బల్బు పీకేసి సాకెట్‌లో కొలిస్తే లాభం లేదు. కరెంటు పారనప్పుడు ఎంత తుప్పు పట్టిన వైరైనా పూర్తి వోల్టేజీ చూపించి మోసం చేస్తుంది.

ఎందుకు చెబుతున్నానంటే, ఫిలమెంటు బల్బులో వోల్టేజీ కొంచెం తగ్గితే వెలుగు కొంచెం తగ్గదు, చాలా తగ్గుతుంది. వెలుగు వోల్టేజీకి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. బ్యాటరీ దగ్గర 13 వోల్టులుండి బల్బు దగ్గరికి 11 మాత్రమే చేరితే, నీకు రావాల్సిన వెలుగులో 40 శాతానికి పైగా దారిలోనే పోయినట్టు. యాభై ఏళ్లు దాటిన వైరు, ఆ వయసు స్విచ్చు, రంగు కింద తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, ఇవన్నీ తలా కొంచెం తింటాయి.

కొలిచి చెప్పు. అప్పటిదాకా షాపు వైపు వెళ్లకు.

మోరిస్ చిన్నోడు (బసవనగుడి)

మామ మాట సగం ఒప్పుకుంటాను. నాది మోరిస్ మైనర్ 1000. నేను ఎల్ఈడీ వేశాను, వెలుగు కోసం కాదు, డైనమో కోసం.

నా బండిలో ఉన్నది లూకాస్ సీ40 డైనమో. గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. అదీ ఇంజన్ బాగా తిరిగినప్పుడు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది, అంటే డైనమో ఏమీ ఇవ్వడం లేదు, అంతా బ్యాటరీదే. హాలోజెన్ హెచ్4 బల్బులు (హైబీమ్, లోబీమ్ ఒకే బల్బులో ఉండే రకం) రెండు హైబీమ్‌లో 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు. ఇగ్నిషన్ కాయిల్ మూడో నాలుగో తింటుంది. పార్కింగ్ దీపాలు, వెనక దీపాలు కలిపి రెండు దాకా. వాన పడి వైపర్ వేసి, బ్రేక్ మీద కాలుంటే బ్రేక్ లైట్లకు మూడున్నర. ఇక మిగిలేది ఏముంది? ఎల్ఈడీ బల్బు ఒక్కోటి 25 వాట్లలోపే తీసుకుంటుంది. రెండూ కలిపి నాలుగు ఆంపియర్లు. వానాకాలం రాత్రి ఇంటికి చేరాక మళ్లీ బండి స్టార్ట్ అవుతుందా అనే టెన్షన్ పోయింది.

ఇంకొక సంగతి. మైనర్లలో బాడీకి తగిలించేది పాజిటివ్. మామూలు ఎల్ఈడీ బల్బు పెడితే వెలగదు, లోపల రక్షణ లేని చవకరకమైతే కాలిపోతుంది కూడా. ఫిలమెంటుకి ప్లస్ మైనస్ పట్టింపు లేదు, ఎల్ఈడీకి ఉంది. పాజిటివ్ ఎర్త్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే తెప్పించుకోవాలి. ఫియట్‌లో మామూలు నెగెటివ్ ఎర్తే కాబట్టి మీకు ఆ బాధ లేదు.

రాత్రి బుల్లెట్ (ఎలక్ట్రానిక్ సిటీ)

మీ డైనమో సుఖపడింది సరే. ఎదురొచ్చేవాడి కళ్ల సంగతి?

మోరిస్ చిన్నోడు (బసవనగుడి)

లైటు గోడ మీద వేసి చూసి సరిచేసుకున్నాకే రోడ్డెక్కాను సార్. మీరు తిడుతున్నది ఫుట్‌పాత్ మీద కొన్న సరుకుని. అన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

అంబీ అన్న (చెన్నై, ఆదంబాక్కం)

బెంగళూరు వాళ్ల గొడవలో ఒక చెన్నైవాడు దూరుతున్నాడు, ఏమీ అనుకోకండి.

నాది అంబాసిడర్ మార్క్ 2. నేను చేసింది రిలే పని, అంటే కొంచెం కరెంటుతో ఎక్కువ కరెంటుని వేసి ఆపే స్విచ్చు పెట్టడం. దానిమీద నాలుగు ముక్కలు వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది మెకానిక్‌లు రిలే పెట్టి కూడా దాని వైరు మళ్లీ పాత స్విచ్చు దగ్గరినుంచే లాగుతారు. అప్పుడు రిలే ఉన్నా లేనట్టే.

పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం బ్యాటరీనుంచి డ్యాష్‌బోర్డు దాకా వచ్చి, స్విచ్చులోంచి పోయి, డిప్పర్ (హై, లో మార్చే స్విచ్చు)లోంచి పోయి, మళ్లీ ముందుకి వెళ్లి బల్బుని చేరుతుంది. ఎంత పొడుగు దారో చూడండి. రిలే పెడితే ఆ పాత దారిలో రిలేని లాగడానికి కావలసిన కొంచెం కరెంటే పారుతుంది. అసలు కరెంటు బ్యాటరీనుంచి రేడియేటర్ పక్కన ఉన్న రిలేకి, అక్కడినుంచి బల్బుకి నేరుగా పోతుంది. హైకి ఒకటి, లోకి ఒకటి, రెండు రిలేలు. 30 నంబరు పిన్ను బ్యాటరీకి, 87 బల్బుకి, 85 ఎర్త్‌కి, 86కి పాత హెడ్‌లైట్ వైరు. వైరు రెండున్నర చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బల్బు ఎర్త్ కూడా కొత్త వైరుతో నేరుగా బ్యాటరీ ఎర్త్ దాకా తీసుకుపోండి, హెడ్‌లైట్ గిన్నె తుప్పుని నమ్మకండి.

లూకాస్ పద్ధతి వైరింగ్ ఉన్నవాళ్లకి: నీలం వైరు స్విచ్చునుంచి డిప్పర్‌కి వెళ్లేది, నీలం మీద తెల్ల గీత హైబీమ్, నీలం మీద ఎర్ర గీత లోబీమ్. ఈ రంగులు తెలిస్తే సగం పని అయినట్టే. ఇంకోటి, ఆ పాత లూకాస్ బండ్లు చాలావాటిలో హెడ్‌లైట్లకు ఫ్యూజే ఉండదు! రాత్రిపూట ఒక్క ఫ్యూజు పోయి రెండు దీపాలూ ఆరిపోకూడదని అప్పట్లో అలా వదిలేశారు. ఇప్పుడు వైరు ఇన్సులేషన్ ఎండి రాలిపోతున్న బండిలో అది ప్రమాదం. ఎడమ దీపానికొకటి, కుడి దీపానికొకటి వేరువేరుగా ఫ్యూజులు పెట్టండి.

ఇవన్నీ జనరల్ పాటర్స్ రోడ్డులో దొరుకుతాయి, రిలే సాకెట్లు పుదుపేటలో పాత సరుకు కూడా తీయొచ్చు. మీ ఊళ్లో జేసీ రోడ్డు ఉండనే ఉంది. రిలేలు, మంచి హెచ్4 బల్బులు పెట్టాక ఈసీఆర్ మీద పాండిచ్చేరి రాత్రిపూట వెళ్లొస్తున్నాను. ఎల్ఈడీ ఊసే రాలేదు.

ఫోకస్ పాయింట్ (వైట్‌ఫీల్డ్)

నా ఉద్యోగం వాహనాల దీపాల డిజైన్. పనిచేసే కంపెనీ పేరు వద్దు. ఈ చర్చలో అసలు విషయం ఇంకా రాలేదు. వెలుగు ఎంత అన్నది ఒక ప్రశ్న, అది ఎక్కడినుంచి పుడుతోంది అన్నది ఇంకో ప్రశ్న. రిఫ్లెక్టర్‌కి రెండోదే ముఖ్యం.

హెచ్4 బల్బుని 1970ల మొదట్లో తీసుకొచ్చారు. దానిలో రెండు ఫిలమెంట్లు. హైబీమ్ ఫిలమెంటు రిఫ్లెక్టర్ నాభి (ఫోకస్) దగ్గర ఉంటుంది, అందుకే వెలుగు సూటిగా దూరం పోతుంది. లోబీమ్ ఫిలమెంటు నాభికి కొంచెం ముందు ఉంటుంది, దాని కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. నాభికి ముందున్న ఫిలమెంటు వెలుగు రిఫ్లెక్టర్ పైసగానికి తగిలితే కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. కిందిసగానికి తగిలితే పైకి, ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. కిందిసగానికి పోయే ఆ వెలుగుని దొప్ప అడ్డుకుంటుంది. లైటు గోడమీద వేస్తే వెలుగుకీ చీకటికీ మధ్య కనబడే గీత ఆ దొప్ప అంచే. ఇదంతా మిల్లీమీటర్ లెక్క.

ఎల్ఈడీ బల్బులో ఫిలమెంటు బదులు సన్నని పలకకు రెండువైపులా చిప్‌లు అతికిస్తారు. ఫిలమెంటు చుట్టూ సమానంగా వెలుగు ఇస్తుంది, ఈ చిప్‌లు రెండు పక్కలకే ఇస్తాయి. పలక మందంగా ఉంటే, రెండు చిప్‌ల మధ్య దూరం ఫిలమెంటు మందం కంటే ఎక్కువైతే, వెలుగు నాభిలో కాకుండా దాని పక్కన పుట్టినట్టే. గోడమీద గీత అలుక్కుపోతుంది. పలక నిలువుగా, చిప్‌లు గడియారంలో 3, 9 అంకెల వైపు చూసేలా ఉండాలి. పైకీ కిందికీ చూస్తున్నట్టు బిగిస్తే కిందివైపు చిప్ వెలుగు మొత్తం ఎదుటివాడికే కానుక. మంచి బల్బుల్లో కాలర్ తిప్పే వీలుంటుంది. చవకవాటిలో ఎలా బిగిస్తే అలాగే.

20,000 ల్యూమెన్ల సంగతి. ప్రమాణాల ప్రకారం హెచ్4 హాలోజెన్ హైలో 1650, లోలో 1000 ల్యూమెన్లు ఇస్తుంది. ఎల్ఈడీ వాటుకి సుమారు 100 ల్యూమెన్లు అనుకుంటే, 25 వాట్ల బల్బునుంచి 2,500 రావచ్చు. మిగతా 17,500 డబ్బా మీద అచ్చైనవి.

ఇక ఎల్ఈడీ వేసినవాళ్లందరూ "పగల్లాగుంది" అంటారే, అది చాలావరకు బండి ముందు కొద్ది మీటర్లలో పడే వెలుగు. దగ్గర నేల మరీ తెల్లగా మెరిస్తే కంటిపాప చిన్నదైపోతుంది, దూరంలో ఉన్న మనిషి ఇంకా తక్కువ కనబడతాడు. డ్రైవర్‌కి మాత్రం భలే ఉందనిపిస్తుంది.

మల్టీమీటర్ మామ (మల్లేశ్వరం)

ఇదీ మాటంటే. ఫోకస్ గారూ, 6,000 కెల్విన్ (వెలుగు రంగు కొలమానం) తెలుపు వానలో, పొగమంచులో పనికిరాదు, పసుపే నయం అంటారు, నిజమేనా?

ఫోకస్ పాయింట్ (వైట్‌ఫీల్డ్)

పసుపు వెలుగు మంచుని చీల్చుకుపోతుందనే మాటలో పస తక్కువ మామగారూ. పొగమంచు చుక్కలు పెద్దవి, అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. కాని నీలం పాలు ఎక్కువున్న వెలుగు ఎదుటివాడి కంటిని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, అది మాత్రం నిజం. హాలోజెన్ 3,200 కెల్విన్ దగ్గర ఉంటుంది. పాత బండికి ఎల్ఈడీ వేసి తీరాల్సిందే అనుకుంటే 3,000 కెల్విన్ రకాలు దొరుకుతున్నాయి, చూడ్డానికి కూడా బండికి నప్పుతాయి.

విల్లీస్ వాలా (కోలారు)

నా జీపు 6 వోల్టులది. నాలాంటివాడి గతి ఏమిటి?

మల్టీమీటర్ మామ (మల్లేశ్వరం)

6 వోల్టుల్లో 45 వాట్ల బల్బు ఒక్కటే ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది, అందుకే వైర్ల బాధ నీకు రెట్టింపు. 6 వోల్టులకని రాసి ఉన్న ఎల్ఈడీ బల్బులు వస్తున్నాయి. డబ్బా మీద 9 నుంచి 32 వోల్టులు అని ఉంటే అది నీ జీపులో వెలగదు. ముందు కేబుళ్లు చూడు, 6 వోల్టుల బండికి 12 వోల్టుల సన్న బ్యాటరీ కేబుల్ వేసి ఉంటారు చాలామంది.

బ్లాక్ కోటు (చామరాజపేట)

చట్టం సంగతి అడిగారు కదా, నేను చెబుతాను.

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో 182ఎ అనే సెక్షన్ వచ్చింది. దాని నాలుగో ఉపవిభాగం ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆర్‌సీలో బల్బు సంగతి ఎక్కడా రాయరు, కాబట్టి నాది మార్పే కాదు అని వాదించేవాళ్లున్నారు. నేనైతే ఆ వాదన పట్టుకుని కోర్టుకి వెళ్లమని ఎవరికీ చెప్పను. హెడ్‌ల్యాంపుకి ఆమోదం ఫలానా రకం బల్బుతో కలిపి వస్తుంది. బల్బు జాతి మారిస్తే ఆ ఆమోదం ఆ జతకి వర్తించదు.

డెలైట్ గారూ, మీ బండికి యాభై ఏళ్లు దాటాయి కదా. 2021లో వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు వచ్చాయి. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. కొత్తగా రిజిస్ట్రేషన్‌కి 20,000, తర్వాత పునరుద్ధరణకి 5,000 రూపాయలు, పదేళ్ల గడువు. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కాని తొందరపడకండి. వీఏ నంబరు తీసుకున్న బండిని రోజువారీ తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతు లాంటి పనులకే. రాత్రి హిందూపురం ప్రయాణాలు చేసేవారికి అది గిట్టదు. మామూలు రిజిస్ట్రేషన్‌ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడమే మేలు.

బర్మింగ్‌హామ్ బాబు (హెబ్బాళ)

ఇంగ్లండులో కొన్నేళ్లు ఉండి వచ్చాను కాబట్టి అక్కడి తీరు చెబుతాను. వాళ్ల వార్షిక తనిఖీ నిబంధనల్లో 1986 ఏప్రిల్ 1న గాని తర్వాత గాని మొదట రోడ్డెక్కిన బండి హాలోజెన్ హెడ్‌ల్యాంపులో ఎల్ఈడీ బల్బు పెడితే ఫెయిల్. అంతకుముందువాటికి ఆ నిషేధం లేదు, వెలుగు పడే తీరు సరిగ్గా ఉంటే చాలు. జర్మనీలో ఇంకో పద్ధతి. 2020 నుంచి కొన్ని బ్రాండ్ల ఎల్ఈడీ బల్బులకు అనుమతి ఇస్తున్నారు, అదీ ఫలానా కారు, ఫలానా హెడ్‌ల్యాంపు అని జాబితాలో ఉన్నవాటికే. అంటే ఎల్ఈడీ బల్బే చెడ్డదని కాదు, ఏ రిఫ్లెక్టర్‌లో పెడుతున్నామన్నదే లెక్క.

అంబీ అన్న (చెన్నై, ఆదంబాక్కం)

బయటి దేశాల మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. 7 అంగుళాల అద్దం అన్ని దేశాల్లోనూ ఒకటే సైజు, అందుకని ఆన్‌లైన్‌లో అమెరికా నుంచో యూరప్ నుంచో తెప్పిస్తున్నారు. అక్కడ కుడివైపు నడుపుతారు కాబట్టి లోబీమ్ గీత కుడివైపు పైకి లేస్తుంది. మన రోడ్డు మీద ఆ కుడివైపే ఎదుటివాడు వచ్చేది! మనకి ఎడమవైపు లేవాలి, ఫుట్‌పాత్ కనబడాలి. కొనేముందు ఎడమవైపు నడిపే దేశాలకు చేసిందేనా అని అడగండి.

డెలైట్67 (బెంగళూరు, జయనగర్)

మామగారూ, కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.9 వోల్టులు. బల్బు దగ్గర 10.6!

ఇంకో సంగతి తెలిసింది. షాపాయన చెప్పిన ఎల్ఈడీ హెచ్4 బల్బు నా సాకెట్‌లో కూర్చోనే కూర్చోదు. అది పీ43టీ, నాది పీ45టీ. రిఫ్లెక్టర్లు కూడా లోపల గోధుమ రంగుకి తిరిగాయి. బ్రాసో పెట్టి రుద్దమని మా డ్రైవర్ అంటున్నాడు.

ఫోకస్ పాయింట్ (వైట్‌ఫీల్డ్)

రుద్దొద్దు! లోపలి పూత వెంట్రుక మందం కూడా ఉండదు. రుద్దితే మెరుపుతో పాటు పూత కూడా ఊడి గుడ్డకి అంటుకుంటుంది. దూదితో దుమ్ము తీయండి, అంతే.

అంకెల సంగతి, 43, 45 అన్నవి బల్బు అంచు వెడల్పు మిల్లీమీటర్లలో. పీ45టీ అంచుతోనే హెచ్4 హాలోజెన్ బల్బులు వస్తాయి, పాత బండ్ల కోసమే చేస్తారు. కాని రిఫ్లెక్టర్ గోధుమ రంగైతే ఏ బల్బు పెట్టినా దండగ. గీతల డిజైన్ ఉన్న గాజు అద్దంతో హెచ్4 రిఫ్లెక్టర్ కొత్తది తీసుకోండి. మీ క్రోమ్ రింగు వెనకే కూర్చుంటుంది. పాతవి గుడ్డలో చుట్టి దాచుకోండి.

మల్టీమీటర్ మామ (మల్లేశ్వరం)

10.6 అంటే లెక్క ప్రకారం నీ బల్బు ఇవ్వాల్సిన దానిలో సగమే ఇస్తోంది. దారిలో పోయిన 2.3 వోల్టులు మీ స్విచ్చు, వైర్లు వేడెక్కడానికి పోతున్నాయి. రిలే పని మొదలుపెట్టు.

వాల్వ్ రేడియో (మైసూరు రోడ్డు)

అందరూ వెలుగు గురించే మాట్లాడుతున్నారు. నా ప్రీమియర్ పద్మిని కారులో పాత మీడియం వేవ్ రేడియో ఉంది, ఇప్పటికీ పాడుతుంది. ఎల్ఈడీ హెడ్‌లైట్లు వేసిన మర్నాడే 612 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి బెంగళూరు మాయమై గరగర మొదలైంది. లైట్లు ఆపితే పాట, వేస్తే గరగర. చివరికి పాటే ముఖ్యమనుకుని పాత బల్బులు పెట్టేశాను.

మల్టీమీటర్ మామ (మల్లేశ్వరం)

బల్బు లోపలి డ్రైవర్ సర్క్యూటు క్షణానికి వేలసార్లు స్విచ్ అవుతుంటుంది. చవకవాటిలో దాన్ని అణచే ఫిల్టరు ఉండదు. వైర్లకు ఫెరైట్ ఉంగరం (గరగరని అణచేది) తొడిగితే కొంత తగ్గొచ్చు.

రాత్రి బుల్లెట్ (ఎలక్ట్రానిక్ సిటీ)

రేడియో కోసం తీశారు గాని నా కళ్ల కోసం తీయలేదన్నమాట. బాగుంది.

మోడరేటర్

బుల్లెట్ గారూ, చిన్నోడు గారూ, మీ ఇద్దరి మధ్య నడిచిన పది పోస్టులు తీసేశాను. ఒకరి బండిని ఒకరు తిట్టుకోవడం వేరే చోట పెట్టుకోండి.

మోరిస్ చిన్నోడు (బసవనగుడి)

సరే, కొలతలతోనే మాట్లాడుకుందాం. డెలైట్ గారి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గోడ ఉందట. బుల్లెట్ గారు కూడా రండి. బండికి ఎదురుగా మీరే నిలబడి చెప్పండి.

డెలైట్67 (బెంగళూరు, జయనగర్)

అందరికీ, కాస్త పొడుగు పోస్టు.

రిలేలు రెండు, ఫ్యూజులు, కొత్త ఎర్త్ వైర్లు అయ్యాయి. బల్బు దగ్గర ఇప్పుడు 12.5 వోల్టులు. కొత్త రిఫ్లెక్టర్లలో 60/55 హాలోజెన్ హెచ్4 బల్బులు పెట్టాను. మొదటిరోజు రాత్రి స్విచ్చు వేసి మా అబ్బాయి "నాన్నా, వేరే కారు" అన్నాడు.

ఆదివారం అందరూ వచ్చారు. ఫోకస్ గారు ఒక మంచి రకం ఎల్ఈడీ హెచ్4 బల్బు తెచ్చారు, సన్న చిప్‌లది, కాలర్ తిరిగేది. బండిని గోడకు 10 మీటర్ల దూరంలో సమతల నేలమీద నిలిపాం. టైర్లలో గాలి సరిచేశాం, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టాం. హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తుకి గోడమీద టేపు అతికించాం. లోబీమ్ గీత ఆ టేపుకి 10 సెంటీమీటర్లు కిందుండాలి, అంటే ఒక శాతం వంపు.

కుడివైపు హాలోజెన్, ఎడమవైపు ఎల్ఈడీ. హాలోజెన్ గీత కత్తితో కోసినట్టు, ఎడమవైపు కొంచెం పైకి లేచి. ఎల్ఈడీది మొదట చూడగానే తెలుపు ఎక్కువ, అందరం ఓహో అన్నాం. గీత మాత్రం పలుచగా అలికినట్టుంది, టేపుకి పైన రెండు మచ్చలు. కాలర్ తిప్పుతూ పోతే ఒక మచ్చ పోయింది. రెండోది ఎంత తిప్పినా పోలేదు. హైబీమ్‌లో తేడా ఇంకా తెలిసింది. హాలోజెన్ మధ్యలో గట్టి చుక్క పడుతోంది, ఎల్ఈడీ వెడల్పుగా పరుచుకుంటోంది. దూరం చూడాల్సింది ఆ చుక్కతోనే కదా.

బుల్లెట్ గారు గోడ దగ్గర బైకు మీద కూర్చుని ఒక్కో దీపం మూసి చూశారు. ఆయనే చెబుతారు.

ఇంకోటి, ఎల్ఈడీ వెనక ఫ్యాను నా హెడ్‌లైట్ గిన్నె అడుగుకి తగులుతోంది. రబ్బరు బూటు ఎక్కలేదు. గిన్నెకి కన్నం కొట్టాలంటే నేను కొట్టను.

రాత్రి బుల్లెట్ (ఎలక్ట్రానిక్ సిటీ)

నిజం చెబుతాను. కాలర్ సరిచేశాక ఎల్ఈడీ నేను భయపడినంత లేదు. రోడ్డు మీద నన్ను చంపుతున్నవి ఇవి కావు, ఎలా పడితే అలా బిగించినవి. అయినా హాలోజెన్ దీపం వైపు నేను తేలిగ్గా చూడగలిగాను, ఎల్ఈడీ వైపు చూశాక కాసేపు పచ్చమచ్చ కనబడింది.

చిన్నోడు గారి మైనర్ కూడా అదే గోడకి పెట్టి చూశాం. ఆయన రిఫ్లెక్టర్‌లో గీత డెలైట్ గారి ఫియట్‌లో కంటే బాగుంది. అది ఒప్పుకోవాలి.

ఫోకస్ పాయింట్ (వైట్‌ఫీల్డ్)

ఒకే బల్బు రెండు రిఫ్లెక్టర్లలో రెండు రకాలుగా పడటం ఆశ్చర్యం కాదు. అందుకే "ఏ ఎల్ఈడీ మంచిది" అని అడిగితే నేను బ్రాండు చెప్పను. గోడకి పెట్టి చూడాల్సిందే. పైగా వేడెక్కిన తర్వాత చూడాలి. ఎల్ఈడీ అరగంట వెలిగాక వెలుగు తగ్గుతుంది, గాలి ఆడని గిన్నెలో ఇంకా తగ్గుతుంది. స్విచ్చు వేసిన మొదటి నిమిషం చూసి మురిసిపోకూడదు. మరొకటి, హాలోజెన్ వేడికి అద్దం లోపలి చెమ్మ ఆరిపోతుంది. ఎల్ఈడీతో ఆరదు. వాన తర్వాత అద్దంలో ఆవిరి నిలుస్తుంటే రబ్బరు వాషర్లు మార్చుకోండి, లేకపోతే కొత్త రిఫ్లెక్టర్ కూడా పాతదాని దారి పడుతుంది.

మోరిస్ చిన్నోడు (బసవనగుడి)

నేను ఎల్ఈడీతోనే ఉంటాను. 22 ఆంపియర్ల డైనమోతో బెంగళూరు ట్రాఫిక్‌లో నాకు వేరే దారి లేదు. డైనమో తీసి, ఎక్కువ కరెంటిచ్చే ఆల్టర్నేటర్ పెట్టమని ఎవరో ప్రైవేటుగా చెప్పారు. ఆల్టర్నేటర్ పెడితే ఎర్త్ నెగెటివ్‌కి మార్చాలి, కాయిల్ వైర్లు తిప్పాలి, బానెట్ ఎత్తగానే కనబడుతుంది. బయటికి కనబడని బల్బు మార్పే నాకు నయం.

బ్లాక్ కోటు (చామరాజపేట)

రెన్యువల్‌కి వెళ్లే రోజున పాత బల్బులు డిక్కీలో పెట్టుకుని వెళ్లండి చిన్నోడు గారూ. నేను చెప్పానని చెప్పకండి.

డెలైట్67 (బెంగళూరు, జయనగర్)

హెడ్‌లైట్లు హాలోజెన్‌తోనే ఉంచేస్తున్నాను. పార్కింగ్, నంబరు ప్లేటు దీపాలకు ఎల్ఈడీ వేశాను. వెనక దీపాలకు ఎర్ర ఎల్ఈడీయే వేశాను, తెల్లది వేస్తే ఎర్ర అద్దంలోంచి గులాబీ రంగు వస్తోంది.

ఇండికేటర్లకు కూడా వేశాను గాని కొత్త సమస్య. ఎడమ ఇండికేటర్ వేస్తే మిణుకు లేదు, వెలిగి ఉండిపోతోంది. షాపులో ఎల్ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ (ఇండికేటర్లని మిణికించేది) ఇచ్చారు. ఇప్పుడు ఎడమ వేస్తే నాలుగూ మిణుకుతున్నాయి!

మల్టీమీటర్ మామ (మల్లేశ్వరం)

పాత ఫ్లాషర్ బల్బులు లాగే కరెంటు వేడితో పనిచేసేది, 21 వాట్ల బల్బులు రెండు లేకపోతే అది కదలదు. కాబట్టి కొత్త ఫ్లాషర్ సరైనదే. నాలుగూ మిణకడానికి కారణం డ్యాష్‌బోర్డులో ఉన్న ఒంటి సూచిక బల్బు. అది ఎడమ వైరుకీ కుడి వైరుకీ మధ్య కట్టి ఉంటుంది. ఫిలమెంటు బల్బులున్నప్పుడు దానిలోంచి పారే కొద్ది కరెంటుకి అవతలి పక్క బల్బులు వెలగవు. ఎల్ఈడీలకు ఆ కొద్దిదే చాలు.

ఆ సూచిక బల్బుకి ఒక కొస ఎర్త్‌కి వెయ్యి. రెండో కొసకి రెండు డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి), ఒకటి ఎడమ వైరునుంచి, ఇంకొకటి కుడి వైరునుంచి, చారలున్న వైపు బల్బుకి. ఎస్పీ రోడ్డులో 1ఎన్4007 అని అడుగు, రూపాయల్లో పని. సూచిక బల్బు హోల్డరు డ్యాష్‌బోర్డు లోహానికి తగలకుండా ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో ముందు చూసుకో, కొన్నిటిలో ఉండదు.

డెలైట్67 (బెంగళూరు, జయనగర్)

తొడుగు ఉంది మామగారూ. శనివారం ఎస్పీ రోడ్డుకి వెళ్తున్నాను. ఎవరికైనా ఏమైనా కావాలంటే చెప్పండి, తెచ్చిపెడతాను.

విల్లీస్ వాలా (కోలారు)

6 వోల్టుల ఫ్లాషర్ దొరికితే ఒకటి తీసుకో తమ్ముడూ. డబ్బులు ఫోన్‌పే చేస్తా.